బియ్యం బ్యాగుతో బస్కీలు తీసే ముందు

వానలు మొదలైతే మా డాబా వ్యాయామానికి పనికిరాదు. నాలుగు రోజులు ముసురు పట్టిందంటే పిట్టగోడ పక్కంతా పాచి. అందుకే జూలై నుంచి నా కసరత్తంతా హాల్లో, సోఫాకూ టీవీ బల్లకూ మధ్య మిగిలిన ఆరడుగుల జాగాలోనే. పరుగుకు చోటు లేదు కనుక బరువు మీదికి మనసు పోతుంది. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో చాలామందిది ఇదే దారి.

కిందటి వానాకాలం మా అబ్బాయి పాత స్కూలు బ్యాగులో ఐదు కిలోల బియ్యం ప్యాకెట్లు రెండు పెట్టి, వీపుకు తగిలించుకుని పుషప్‌లు మొదలుపెట్టాను. ఎనిమిదోసారి కిందికి దిగుతుండగా పై ప్యాకెట్టు జిప్పును తోసుకుని మెడ మీదికి జారింది. రెండు చేతులూ నేల మీద ఉన్నాయి, దాన్ని ఆపే దారి లేదు. గడ్డం టైలుకు కొట్టుకుంది. వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చిన మా ఆవిడ ముందు అడిగిన మాట, "బియ్యం ఒలికిపోయాయా?"

డంబెల్ బరువనిపిస్తే కింద పెట్టేస్తాం. ఒంటికి కట్టుకున్న బరువుతో ఆ సౌకర్యం లేదు. కాబట్టి అది ఎన్ని కిలోలన్నది రెండో ప్రశ్న. అది కదులుతుందా, వద్దనుకున్న క్షణంలో దిగుతుందా అన్నవి ముందు చూసుకోవాలి.

బ్యాగు సర్దడంలోనే సగం జాగ్రత్త ఉంది. బరువు రెండు భుజపుటెముకల మధ్య, వీపుకు అంటుకుని ఉండాలి. నడుము దగ్గరికి జారితే పుషప్‌లో నడుము కిందికి కుంగుతుంది, నొప్పి అక్కడే మొదలవుతుంది. బ్యాగు అడుగున పాత దుప్పటి కుక్కి, దాని మీద బరువు పెట్టి, పైన మిగిలిన ఖాళీలో టవళ్లు దట్టించండి. పట్టీలు బిగించి, రెంటినీ ఛాతీ ముందు ఒక చున్నీతో జారుముడి వేయండి. లాగితే ఊడిరావాలి, ఊపిరికి అడ్డం రాకూడదు. నీళ్ల సీసాలు పెడితే మూతి దాకా నింపండి, సగం సీసాలో నీళ్లు అటూఇటూ ఊగుతాయి. లీటరంటే కిలో కాబట్టి లెక్క కూడా తేలిక. గాజు సీసా మాత్రం వద్దు. సర్దాక తగిలించుకుని ఒకసారి వంగి లేవండి. లోపల ఏదైనా చప్పుడైతే మళ్లీ సర్దుకోవాల్సిందే.

ఎంత బరువు? పుషప్‌లో ఒంటి బరువులో సుమారు మూడింట రెండు వంతులు ఇప్పటికే చేతుల మీద ఉంటుంది. అంటే 72 కిలోల మనిషి దాదాపు 48 కిలోలు మోస్తున్నట్టే. ఒట్టి ఒంటితో నడుము కుంగకుండా 15 తీయలేనివారికి బ్యాగు అనవసరం. తీయగలిగినా, ముందు మూడు సెకన్లు లెక్కపెడుతూ నెమ్మదిగా దిగి చూడండి, అదే చాలా బరువనిపిస్తుంది. ఆ తర్వాత రెండు కిలోలతో మొదలుపెట్టి, వారానికో కిలోకు మించి పెంచకండి.

బస్కీలకు బియ్యం బస్తానే భుజాన వేసుకునేవారున్నారు. 2022 జూలైలో 25 కిలోల వరకు ప్యాకింగు మీద జీఎస్టీ వచ్చాక మన బస్తా 26 కిలోలైంది. అంత బరువు ఒక భుజం మీద, పైగా లోపల గింజ జరిగే సంచిలో! దించేటప్పుడు నడుము మెలిక పడడానికి ఇంతకంటే ఏం కావాలి? పిల్లల్ని వీపున ఎక్కించుకునే ముచ్చట కూడా మానుకోండి. వాళ్లు నవ్వితే చాలు, బరువు పక్కకు ఒరుగుతుంది.

బరువుకు బదులు సాగదీస్తూ కసరత్తు చేసే రబ్బరు బ్యాండ్లకు మన ఎండ శత్రువు. మే నెలంతా బాల్కనీలోనో స్కూటీ డిక్కీలోనో పడి ఉన్న బ్యాండును వాడే ముందు కొద్దిగా సాగదీసి వెలుతురులో చూడండి. సన్నటి పగుళ్లు, అంచున చిన్న గాటు కనిపించినా పారేయండి. తెగిన బ్యాండు నేరుగా ముఖం మీదికే వస్తుంది. తలుపుకు తగిలిస్తే, మీరు లాగే కొద్దీ తలుపు మూసుకునే వైపే నిలబడండి, గడియ వేయండి, ఇంట్లోవాళ్లకు చెప్పండి. కిటికీ గ్రిల్లు అంచు బ్యాండును కోస్తుంది. కర్టెన్ రాడ్డు సంగతి చెప్పక్కర్లేదు.

టైల్స్ మీద చెమట పడితే నూనె పోసినట్టే. సాక్సులతో చేయకండి, మ్యాట్ జారకుండా చూసుకోండి. పైకి లేచేటప్పుడు ఊపిరి వదలండి. బిగపడితే రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది. బీపీ, గుండె జబ్బు, హెర్నియా, డిస్కు సమస్య ఉన్నవారు, గర్భిణులు డాక్టరును అడగకుండా బరువు తగిలించుకోవద్దు. ఛాతీ పట్టేసినా, చేతిలో తిమ్మిరి పాకినా, కీలులో పోటు పొడిచినా అక్కడికక్కడే ఆపాలి. కండరాల నొప్పి రెండు మూడు రోజులుండడం మామూలే. కండ వాచి, భరించలేని నొప్పితో పాటు మూత్రం డికాషన్ రంగులో వస్తే మాత్రం ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

నేను బియ్యం మానేశాను. మా అబ్బాయి ఎంసెట్ గైడ్లు అటక మీద పడి ఉంటే దించి, తాడుతో కట్ట కట్టి, కిరాణా కొట్టు కాటా మీద తూచి తెచ్చుకున్నాను. నాలుగు కిలోల రెండొందలు. ఒక్క పుస్తకం కూడా జరగడం లేదు.