కుక్క చూలు కట్టిందో లేదో రక్తపరీక్షలో చూడాలంటే ముందు రోజులు లెక్కపెట్టండి

మా ల్యాబ్‌కు వచ్చే ట్యూబుల మీద కుక్క పేరు ఉంటుంది, జాతి, వయసు ఉంటాయి. నాకు అన్నిటికన్నా ముందు కావాల్సిన తేదీ మాత్రం చాలాసార్లు ఉండదు. క్రాస్ ఎప్పుడు చేయించారన్నదే ఆ తేదీ. 14 ఏళ్లుగా పశువుల రక్తపరీక్షలు చేస్తున్నాను. కుక్కల ప్రెగ్నెన్సీ టెస్టు ఫలితం తప్పిందని ఎవరైనా వచ్చినప్పుడు కూర్చోబెట్టి అడిగితే, కిట్‌లో లోపం కన్నా రోజుల లెక్కలో లోపమే ఎక్కువగా బయటపడింది.

ముందుగా ఒక అపోహ. మనుషుల ప్రెగ్నెన్సీ స్ట్రిప్ మీద కుక్క మూత్రం వేసి చూడకండి. ఆ స్ట్రిప్‌లోని యాంటీబాడీలు హెచ్‌సీజీ అనే హార్మోన్‌ను పట్టుకోవడానికి తయారైనవి. కుక్క నిండు చూలుతో ఉన్నా దాని ఒంట్లో ఆ హార్మోన్ తయారు కాదు. పట్టుకోవడానికి ఏమీ లేనప్పుడు గీత రాదు. గీత రాలేదు కాబట్టి చూలు లేదనుకుని, అవసరం లేని మందులు ఇప్పించినవాళ్లను చూశాను.

మరి చూలును నిలిపే ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ చూస్తే సరిపోదా అని అడుగుతారు. ఆవుల్లో అది కొంత పనికొస్తుంది. కుక్కలో అండం విడుదలయ్యాక చూలు కట్టినా కట్టకపోయినా రెండు నెలల పాటు ప్రొజెస్టిరాన్ ఇంచుమించు ఒకేలా ఎక్కువగా ఉంటుంది. అందుకే కొన్ని కుక్కలకు చూలు లేకపోయినా పొదుగు ఉబ్బుతుంది, పాలు వస్తాయి, బొమ్మల్ని పిల్లల్లా దగ్గర పెట్టుకుంటాయి. ఆ లక్షణాలు చూసి మురిసిపోవద్దు. అయితే క్రాస్ చేయించడానికి ముందు, అండం ఎప్పుడు విడుదలవుతుందో తెలుసుకోవడానికి ప్రొజెస్టిరాన్ టెస్టు చాలా మంచిది. వీలుంటే అప్పుడే చేయించి ఆ తేదీ రాసిపెట్టుకోండి. తర్వాత లెక్కలన్నీ దాని మీదే నిలబడతాయి.

కుక్కలో చూలును నమ్మకంగా చెప్పే హార్మోన్ రిలాక్సిన్. 1926లో ఫ్రెడరిక్ హిసా అనే శాస్త్రవేత్త గినీపందుల్లో, కటి ఎముకల మధ్య బంధనాలను సడలించే పదార్థంగా దీన్ని గుర్తించాడు. పేరూ అక్కడి నుంచే వచ్చింది. కుక్కలో ఇది ముఖ్యంగా మాయ (ప్లాసెంటా) నుంచి వస్తుంది. మాయ లేకపోతే రిలాక్సిన్ రక్తంలోకి పెద్దగా రాదు. ఈ ఒక్క మాట గుర్తుంటే టెస్టు ఎప్పుడు చేయించాలో మీకే అర్థమవుతుంది. పిండాలు గర్భసంచికి అతుక్కోవడానికే రెండున్నర వారాల పైన పడుతుంది. తర్వాత మాయ ఎదగాలి, రిలాక్సిన్ రక్తంలో చాలినంత చేరాలి. 15వ రోజున తీసిన రక్తంలో అది ఎక్కడి నుంచి వస్తుంది?

ఇక్కడ చాలామంది తికమకపడే విషయం ఒకటుంది. 'యాంటీబాడీ టెస్టు' అనగానే కుక్క ఒంట్లో యాంటీబాడీలు వెతుకుతారనుకుంటారు. ఈ టెస్టులో యాంటీబాడీలు కిట్‌లో ఉంటాయి, అవి పట్టుకునే పదార్థం, అంటే యాంటిజెన్, కుక్క రక్తంలో ఉంటుంది. ఆ యాంటిజెన్ రిలాక్సినే. స్ట్రిప్ మొదట్లో సన్నటి బంగారు రేణువులు అంటించిన యాంటీబాడీలు ఉంటాయి. శాంపిల్ పాకుతూ వెళ్లేటప్పుడు అవి రిలాక్సిన్‌ను ఒక వైపు పట్టుకుంటాయి. ముందుకు వెళ్లాక, గీత దగ్గర కదలకుండా అంటించి ఉన్న మరో యాంటీబాడీ అదే రిలాక్సిన్‌ను ఇంకో వైపు పట్టుకుని ఆపేస్తుంది. రేణువులు అక్కడ గుమిగూడితే ఎర్రటి గీత కనిపిస్తుంది. రిలాక్సిన్ లేకపోతే అవి ఆగకుండా సాగిపోతాయి. చివర ఉండే కంట్రోల్ గీత మాత్రం రిలాక్సిన్ ఉన్నా లేకపోయినా రావాలి. అది రాకపోతే ఆ కిట్ ఫలితాన్ని పక్కన పెట్టేయాలి.

దీనికి తలకిందులుగా ఉండేది బ్రూసెల్లా టెస్టు. బ్రూసెల్లా కానిస్ అనే బ్యాక్టీరియా కుక్కల్లో చూలు పోవడానికి ఒక కారణం. ఎక్కువగా చివరి వారాల్లో పోతుంది. మామూలుగా చేసే రక్తపరీక్షలో ఆ బ్యాక్టీరియా మీద కుక్క శరీరం తయారుచేసుకున్న యాంటీబాడీల కోసం వెతుకుతాం. అవి తయారు కావడానికి వారాలు పడుతుంది కాబట్టి, సోకిన కొత్తలో నెగెటివ్ రావచ్చు. మగ, ఆడ రెండింటికీ క్రాస్‌కు ముందే ఈ టెస్టు చేయించమని ప్రతి ఒక్కరికీ చెబుతాను. ఇది మనుషులకూ సోకే జబ్బు.

ఇక రోజుల లెక్క. మగకుక్క వీర్యకణాలు ఆడకుక్క గర్భంలో వారం వరకూ బతికి ఉండగలవు. విడుదలైన అండం పక్వానికి రావడానికీ రెండు మూడు రోజులు కావాలి. కాబట్టి క్రాస్ అయిన రోజూ, చూలు నిజంగా మొదలైన రోజూ ఒకటి కాకపోవచ్చు. అండం విడుదలైన రోజు నుంచి లెక్కిస్తే పిల్లలు పెట్టడానికి దాదాపు 63 రోజులు. క్రాస్ తేదీ నుంచి లెక్కిస్తే అది 57 నుంచి 72 మధ్య ఎక్కడైనా పడవచ్చు. రిలాక్సిన్ కొన్ని కుక్కల్లో 22వ రోజుకే దొరుకుతుంది గానీ, నా మాట వింటే క్రాస్ తేదీ ఒక్కటే తెలిసినవాళ్లు 30 రోజులు దాటాకే రండి. రెండు మూడు సార్లు క్రాస్ అయి ఉంటే చివరి తేదీ నుంచి లెక్కపెట్టండి. ఆత్రం నాకు తెలుసు. ఆ వారం రోజుల టెన్షన్ ఎలా ఉంటుందో నా సొంత కుక్క విషయంలో నేనూ పడ్డాను.

రక్తం మీరు తీయకండి, డాక్టరు తీయాలి. సీరమా, ప్లాస్మానా, ఏ ట్యూబ్ అన్నది కిట్ కాగితంలో రాసి ఉంటుంది. ట్యూబ్‌ను గట్టిగా ఊపితే ఎర్రకణాలు పగిలి శాంపిల్ ఎర్రబడుతుంది. ఆ ఎరుపులో సన్నటి గీతను చదవడం నరకం. అలాంటి శాంపిల్ వస్తే నేను మళ్లీ రక్తం అడుగుతాను. ఫ్రిజ్‌లో ఉన్న కిట్‌నైనా శాంపిల్‌నైనా గది వేడికి వచ్చాకే వాడాలి. చెప్పిన నిమిషాలకే చదవాలి. గంట తర్వాత తొంగిచూస్తే కనిపించే మరకను గీతగా లెక్కించకూడదు. సమయానికి కనిపించిన గీత లేతగా ఉన్నా సరే, అది గీతే. ముదురుగా ఉంటే పిల్లలు ఎక్కువని అర్థం కాదు.

నెగెటివ్ వస్తే వారం తర్వాత మళ్లీ చేయించండి. నా కుక్కకు 26వ రోజున నేనే టెస్టు చేశాను, గీత రాలేదు. 34వ రోజున మళ్లీ చేస్తే దీపం కింద పెట్టి చూస్తే గానీ కనిపించనంత లేత గీత. స్కానింగ్‌లో ఒక్కటే పిల్ల, గుండె కొట్టుకుంటోంది. పిల్లలు తక్కువైతే మాయలూ తక్కువే, రిలాక్సిన్ చేరడమూ ఆలస్యమే.

పాజిటివ్ వచ్చినా రిలాక్సిన్ చెప్పేది మాయ ఉందనే. పిల్లలు బతికే ఉన్నారా, ఎంతమంది అన్నది అది చెప్పలేదు. చూలు పోయిన కొద్ది రోజుల దాకా, పిల్లలు పెట్టాక కూడా కొన్నాళ్లు అది రక్తంలో మిగిలి ఉండవచ్చు. గుండె చప్పుడు చూడాలంటే స్కానింగ్, దాదాపు 25వ రోజు తర్వాత. పిల్లల్ని లెక్కపెట్టాలంటే ఎక్స్‌రే. ఎముకలు 45వ రోజు ప్రాంతంలో కనిపించడం మొదలైనా, లెక్క సరిగ్గా రావాలంటే 55 దాటాలి.

ఎదకు వచ్చిన నెల రెండు నెలలకు కుక్క నీళ్లు విపరీతంగా తాగుతున్నా, తిండి మానేసినా, కింది నుంచి దుర్వాసనతో స్రావం వస్తున్నా కిట్ కోసం ఆగకండి. గర్భసంచిలో చీము పట్టినా కడుపు చూలులాగే ఉబ్బుతుంది. ప్రాణం మీదికి వచ్చే జబ్బు అది. ఆ రోజే స్కానింగ్ చేయించాలి.

నా కుక్కకు 57వ రోజు ఎక్స్‌రేలోనూ ఒక్క వెన్నెముకే కనిపించింది. ఒక్క పిల్లే ఉన్నప్పుడు అది బాగా పెద్దదైపోతుంది, నొప్పులు మొదలవడానికి కావలసిన కబురు తల్లికి సరిగ్గా అందకపోవచ్చు. అండం విడుదలైన తేదీ మా దగ్గర రాసి ఉంది కాబట్టి, 61వ రోజు నుంచి రోజూ ప్రొజెస్టిరాన్ చూస్తూ, అది మిల్లీలీటరుకు 2 నానోగ్రాముల కిందికి పడిన రోజునే (ప్రసవ సమయం దగ్గరపడిందనడానికి అది గుర్తు) డాక్టరు ఆపరేషన్ చేసి పిల్లను తీశారు.