పిట్టలు చూద్దాం – 4వ పాఠం: కరెంటు తీగ మీద ఎవరు?

పెరట్లో కూర్చుని చూడడం అయింది. ఇక సైకిల్ బయటికి తీయండి. వానలు తగ్గి, వరి కోతకొచ్చి, చెల్కల్లో పత్తి పగిలే ఈ రోజుల్లో పొలాల నిండా మిడతలే. వాటి కోసం రోడ్డు పక్క తీగలెక్కి కూర్చునే పిట్టలకూ కొదవ లేదు. నల్లగొండ నుంచి పానగల్ ఉదయసముద్రం దాకా, ఓపికుంటే ఇంకా ముందుకు బత్తాయి తోటల దారిన, పొద్దుగాల మెల్లగా తొక్కుతూ పోతే చాలు.

కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు ముందు రంగు వెతుకుతారు. తీగ మీది పిట్ట వెనక ఆకాశమంతా వెలుగే కాబట్టి ఏ పిట్టైనా నల్లగానే కనిపిస్తుంది. అందుకని ముందు తోక చూడండి, తర్వాత కూర్చున్న తీరు, ఆ తర్వాత వేటాడే తీరు. రంగు సంగతి ఆఖర్న.

చేప తోకలా రెండుగా చీలిన పొడుగు తోక ఉంటే అది ఏట్రింత. పసుల వీపుల మీద, దున్నే ట్రాక్టరు వెంట తిరిగేది ఇదే, పసుల పోలిగాడు అని కూడా అంటారు. పిచ్చుకంత ఒళ్ళు, తోక మధ్యలోంచి సన్నగా పుల్లల్లా పొడుచుకొచ్చిన రెండు ఈకలు ఉంటే పసిరిక. ఈ ఏటి పిల్లలకు ఆ ఈకలు ఇంకా రాకపోవచ్చు, అప్పుడు వేట చూడాలి. పసిరిక ఎగిరి గాల్లోనే తేనెటీగను పట్టి, మళ్ళీ తీగ మీదికే వచ్చి, ముల్లు పోయేదాకా దాన్ని తీగకేసి కొడుతుంది. ఒకసారి చూస్తే మరచిపోరు.

పెద్ద తల, పొట్టి మెడ, ముద్దగా కూర్చుని నేలవైపే చూస్తున్నది పాలపిట్ట. కూర్చున్నప్పుడు మట్టిరంగులో కలిసిపోతుంది, పక్కనుంచే పోయినా కంటబడదు. మిడత కోసం నేలకు దిగుతూ రెక్కలు విప్పినప్పుడే ఆ నీలం బయటపడుతుంది. ఇది మన తెలంగాణ రాష్ట్ర పక్షి. దసరానాడు దీన్ని చూస్తే శుభమని నమ్మకం, అందుకే ఆ రోజు చూడాలని అందరికీ ఆశే. ఆ ఆశను చూసి కొందరు దీన్ని పట్టి, పంజరంలో పెట్టి, చూపించి డబ్బులడుగుతారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. చట్టం మాట పక్కనపెట్టినా, రెక్క విప్పలేని పాలపిట్టను చూస్తే చూసినట్టు కాదని నా లెక్క.

గాల్లో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడిన తెల్లటి చిన్న డేగ కనిపిస్తే తీగ సంగతి వదిలేసి దాన్నే చూడండి. అది అడవి రామదాసు, కోసిన మడిలో ఎలుకల కోసం చూస్తుంటుంది.

ఇప్పుడు అసలు కిటుకు. పిట్ట ఎదురుగా బ్రేకు వేయొద్దు. కదిలే సైకిల్‌ను అంతగా పట్టించుకోని పిట్ట, అది ఆగగానే లేచిపోతుంది. అదే వేగంతో దాన్ని దాటి, ఇరవై ముప్పై అడుగులు పోయాక కాలు కింద పెట్టి వెనక్కి చూడండి. పొద్దున తూర్పుకు పోతున్నారనుకోండి, దాటాక సూర్యుడు మీ వీపు వెనక ఉంటాడు, అప్పటిదాకా నల్లగా ఉన్న పిట్టకు రంగు వస్తుంది. వెనక లారీ లేదని చూసుకుని, రోడ్డు దిగి ఆగండి.

రంగు మోసం చేస్తుందంటే నమ్మకం కుదరకపోతే ఇంట్లో మందార చెట్టు దగ్గర నిలబడండి. ఎండాకాలంలో నల్లగా ఊదాగా మెరిసిన మగ తేనెపిట్ట ఈ రోజుల్లో ఆ మెరుపు వదిలేసి, పసుపు పొట్ట మీద గొంతు నుంచి కిందికి ఒక నల్లటి గీతతో తిరుగుతుంటుంది. ఇదేదో కొత్త పిట్ట అనుకునేవాళ్ళు చాలామంది. వంగిన సన్నని ముక్కు మాత్రం మారదు.

ఈ వారం పని: మీ దారిలో రెండు కరెంటు స్తంభాల మధ్య తీగను ఎంచుకుని, దాని మీది ఒకే పిట్టను పది నిమిషాలు చూడండి. నేలకు దిగిందా, గాల్లో పట్టిందా, తిరిగి అదే చోటికి వచ్చిందా? అంతే రాసుకోండి. పేరు తెలియకపోయినా పర్వాలేదు, తోక బొమ్మ గీసుకుంటే చాలు. వచ్చే పాఠంలో కుంట ఒడ్డుకు పోదాం, కొంగల కాళ్ళ రంగులతో పని ఉంది.