నవ్వుల డిటెక్టివ్ స్క్రిప్టు – నాలుగో పాఠం: నవ్వు చాటున ఆధారం

పోయిన పాఠంలో పాత్రల్ని కుదించడం చూశాం. అగాథా క్రిస్టీ 1957 నాటి నవల '4.50 ఫ్రమ్ పాడింగ్టన్'లో రైల్లో జరిగిన హత్యను కళ్ళారా చూసేది ఒక పెద్దావిడ. అనుమానం ఉన్న ఇంట్లో పనికి కుదిరి కూపీ లాగేది ఒక చురుకైన యువతి. వెనక కూర్చుని బుర్రకు పనిచెప్పేది క్రిస్టీ కథల్లోని ముసలి డిటెక్టివ్ మిస్ మార్పుల్. 1961లో వచ్చిన 'మర్డర్ షి సెడ్' సినిమాలో ఈ మూడు పనులూ మిస్ మార్పుల్ వేషం వేసిన మార్గరెట్ రూథర్‌ఫర్డ్ ఒక్కరే చేసేశారు. మీరు ఎంచుకున్న కథలో మీరూ పాత్రల్ని కలిపి ఒక పట్టిక రాసుకునే ఉంటారు. దాన్ని పక్కన పెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

ఈసారి ఒకటే సంగతి. ఆధారాన్ని ప్రేక్షకుడి కళ్ళ ముందే పెట్టాలి. అతను దాన్ని చూడాలి, కానీ చూసినట్టు అతనికే తెలియకూడదు. సీరియస్ థ్రిల్లర్ రాసేవాళ్ళకి లేని వెసులుబాటు ఒకటి ఈ విషయంలో మనకుంది. పగలబడి నవ్వుతున్న మనిషి లెక్కలు వేయడు.

పుస్తకంలో ఆధారం దాచడం తేలిక. రచయిత చెప్పకపోతే పాఠకుడికి తెలియదు, అంతే. కోనన్ డాయిల్ 1891 ఆగస్టులో స్ట్రాండ్ పత్రికలో రాసిన 'ది రెడ్ హెడెడ్ లీగ్' తీసుకుందాం. (చదవనివాళ్ళు ముందు అది చదివి రండి. ఇక్కడ గుట్టు విప్పక తప్పదు.) జాబెజ్ విల్సన్ అని ఒక తాకట్టు వ్యాపారి, తల నిండా నిప్పులాంటి ఎర్రజుట్టు. ఎర్రజుట్టు వాళ్ళకి మాత్రమే అంటూ ఒక సంఘం అతనికి ఉద్యోగం ఇస్తుంది. రోజూ పొద్దున్న పదింటి నుంచి రెండింటి దాకా కూర్చుని ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికాను ఎత్తిరాయాలి, వారానికి నాలుగు పౌన్లు జీతం. ఎనిమిది వారాలు గడిచాక ఓ రోజు వెళ్ళేసరికి తలుపుకి తాళం, దాని మీద సంఘం రద్దయిందని ఒక అట్టముక్క. విల్సన్ దాన్ని పట్టుకొచ్చి చూపిస్తే డిటెక్టివ్ షెర్లాక్ హోమ్స్, అతని స్నేహితుడు వాట్సన్ ఇద్దరూ పడీపడీ నవ్వుతారు. అసలు సంగతేమిటంటే, విల్సన్‌ని ఆ నాలుగు గంటలూ కొట్లోంచి బయటికి పంపడానికే ఇదంతా. సగం జీతానికే వచ్చి చేరిన గుమాస్తా స్పాల్డింగ్, నేలమాళిగలోంచి బ్యాంకు కిందికి సొరంగం తవ్వుతున్నాడు.

హోమ్స్ ఆ కొట్టు తలుపు తట్టి, గుమాస్తాను ఏదో దారి అడిగి వచ్చేస్తాడు. అతని మొహం చూడ్డానికి కాదు, ప్యాంటు మోకాళ్ళు చూడ్డానికి వెళ్ళానంటాడు. ఏం కనబడిందని వాట్సన్ అడిగితే, అనుకున్నదే కనబడిందంటాడు. డాయిల్ అక్కడితో ఊరుకున్నాడు. ఆ మోకాళ్ళు ఎలా ఉన్నాయో, చివర్లో హోమ్స్ గుట్టు విప్పేదాకా మనకు చెప్పలేదు.

కెమెరాకి ఆ సౌకర్యం లేదు. మనిషి నిలబడితే ప్యాంటు కనబడుతుంది. నడుము దాకానే ఫ్రేము పెడితే చివర్లో మోసం చేశారంటారు. మోకాళ్ళ మీదికి కెమెరా దించితే గుట్టు అక్కడే రట్టవుతుంది. ఆధారం దాచిపెట్టి ఆఖరి నిమిషంలో బయటికి తీసే అలవాటు మీద ప్రేక్షకులకున్న కోపం చిన్నదేం కాదు. నీల్ సైమన్ రాసిన 'మర్డర్ బై డెత్' (1976) చివర్లో, ప్రపంచ ప్రఖ్యాత డిటెక్టివులందరినీ విందుకి పిలిచినవాడు వాళ్ళని నిలబెట్టి తిట్టేది ఇందుకే.

మరేం చేయాలి? మట్టి చూపిద్దాం, కానీ ఆ మట్టిని ఇంకొకరి మీద వేసే జోకులోకి లాగేద్దాం. మూలకథలో విల్సన్ ఇంట్లో వంటపని చేసే పద్నాలుగేళ్ళ పిల్ల ఉంది. డాయిల్ ఆమెకు ఒక్క మాట కూడా ఇవ్వలేదు. మనం ఇద్దాం.

తాకట్టు కొట్టు – లోపల – ఉదయం

(విల్సన్ లెక్కల పుస్తకం మీద వంగి ఉంటాడు. ఉతికిన బట్టల బుట్ట చంకన పెట్టుకుని పనిపిల్ల వస్తుంది.)

పనిపిల్ల: అయ్యగారూ, సబ్బు అయిపోయిందండి.

విల్సన్: మొన్ననేగా తెచ్చాను! తింటున్నావా ఏమిటి?

పనిపిల్ల: స్పాల్డింగ్ గారి ప్యాంట్లకే సరిపోయిందండి. మోకాళ్ళ దగ్గర ఎంత రుద్దినా వదిలి చావదు.

(నేలమాళిగ మెట్ల మీంచి స్పాల్డింగ్ తల పైకొస్తుంది.)

స్పాల్డింగ్: ఆ సబ్బు ఖర్చు నా జీతంలో పట్టుకోండి సార్.

(విల్సన్ ఆనందంగా కలం అందుకుంటాడు. కూడతాడు, తీసేస్తాడు. నుదురు చిట్లిస్తాడు. మళ్ళీ కూడతాడు. మొహం మెల్లగా వెలుగుతుంది.)

విల్సన్: నీకిచ్చేదే సగం జీతం. అందులో సబ్బు పోతే... ఒరేయ్ అబ్బాయ్, ఈ వారం నువ్వే నాకు బాకీ!

దీన్ని విడదీసి చూడండి. నవ్వు ఎవరి మీద? విల్సన్ పిసినారితనం మీద. ఆధారం ఎవరిది? స్పాల్డింగ్‌ది. ఈ పాఠానికి గుండెకాయ ఈ తేడానే. నవ్వులపాలయ్యేవాడూ ఆధారం తగిలేవాడూ వేరువేరు మనుషులై ఉండాలి. స్పాల్డింగ్‌నే జారిపడేలా చేసి, 'చూడు నీ మోకాళ్ళు' అనిపిస్తే నవ్వు రావచ్చు గానీ ప్రేక్షకుడి చూపు సరిగ్గా మనం వద్దనుకున్నచోటే పడుతుంది.

రెండోది, ఆధారం డైలాగుల వరసలో ఎక్కడుందో గమనించండి. మధ్యలో ఉంది. నవ్వు పుట్టేది ఆఖరి మాట దగ్గర, కాబట్టి చెవి అక్కడే ఆగుతుంది. అంతకు ముందు వచ్చినవన్నీ ఆ మాటకి మెట్లుగానే గుర్తుంటాయి. ఇదే సీన్‌లో వరస మార్చి, బాకీ మాట ముందు వేసి, పనిపిల్ల చేత చివర్లో 'అయినా మోకాళ్ళకి అంత మట్టేమిటో!' అనిపించి చూడండి. సీన్ చచ్చిపోతుంది. పంచ్ పడేచోట ఆధారం పెట్టడమంటే దానికి దండోరా వేయించడమే.

ఇంకోటి కూడా ఉంది, చాలామంది రెండోసారి చదివినప్పుడే పట్టుకుంటారు. సగం జీతానికి పనిచేసేవాడు సబ్బు ఖర్చు కూడా నా మీద వేసుకోండని నవ్వుతూ అంటాడా? డబ్బు మీద అతనికి ధ్యాస లేదంటే ఇంకెక్కడో ఉందన్నమాట. మోకాళ్ళ కన్నా ఇది పెద్ద ఆధారం. దాన్నీ అదే జోకు కింద తోసేశాం. ఒక నవ్వు కింద రెండు ఆధారాలు పడతాయి. మూడోది మాత్రం పెట్టకండి, బరువెక్కుతుంది.

షాట్ విషయం ఒక్క ముక్క. బట్టల బుట్టా, నేలమాళిగ తలుపూ, విల్సన్ బల్లా ఒకే వెడల్పు షాట్‌లో కనబడాలి. విల్సన్ లెక్క మొదలుపెట్టాక అతని మొహానికి దగ్గరవ్వండి. స్పాల్డింగ్‌కి క్లోజప్ వద్దు. క్లోజప్ అనేది వేలు పెట్టి చూపించడమే.

నవ్వు వల్ల ఇంకో లాభం ఉంది, నా లెక్కలో దాచడం కన్నా ఇదే గొప్పది. చివర్లో హోమ్స్ మోకాళ్ళ సంగతి ఎత్తగానే, 'అరె, ఆ సబ్బు!' అని ప్రేక్షకుడికి తనంతట తనకే తట్టాలి. ఎక్కడో గోడ మీది ఫొటోలోనో బల్ల మీది ఉత్తరంలోనో పొడిగా పెట్టిన ఆధారం గంటన్నర తర్వాత ఎవరికీ గుర్తుండదు. ఫ్లాష్‌బ్యాక్ వేసి మళ్ళీ చూపించాల్సొస్తుంది. జోకు అలా కాదు, మనసులో ఉండిపోతుంది, దాంతోపాటు ఆధారాన్నీ నిలబెడుతుంది. మీ స్క్రిప్టు చివర్లో వరసగా ఫ్లాష్‌బ్యాక్‌లు పడుతున్నాయంటే, మొదట్లో ఆధారాలు సరిగ్గా నాటలేదని అర్థం.

మీరు రాసిన సీన్ బాగుందో లేదో తేల్చుకోవడానికి ఆధారాన్ని కొట్టేసి చదవండి. జోకు ఏ మార్పూ లేకుండా నిలబడిందా? అయితే రెండూ పక్కపక్కన కూర్చున్నాయంతే, కలవలేదు. మా సీన్‌లో మోకాళ్ళ మట్టి తీసేస్తే సబ్బు అయిపోదు, సబ్బు అయిపోకపోతే బాకీ లేదు. అలా ఒకదాన్నొకటి పట్టుకుని ఉండాలి.

ఇక నవ్వులపాలు ఎవర్ని చేయొచ్చు అన్నది. అందరికీ ముందు కనబడేవాడు వాట్సన్. బేసిల్ రాత్‌బోన్ హోమ్స్‌గా 1939 నుంచి 1946 దాకా వచ్చిన పద్నాలుగు సినిమాల్లో నైజెల్ బ్రూస్ వాట్సన్‌ని తడబడే ముసలాయనగా మార్చేశాడు. జనం నవ్వారు, నేనూ నవ్వాను. కానీ అక్కడో చిక్కు ఉంది. కథలో వాట్సన్ మన కళ్ళు. అతను మొద్దయితే మనం అతనితో కలిసి ఆలోచించడం మానేస్తాం, ఆధారాలు వెతకడమూ మానేస్తాం. అప్పుడు ఎంత బాగా దాచినా ప్రయోజనం ఏముంది?

సోవియట్ టీవీ వాళ్ళు 1979లో మొదలుపెట్టిన హోమ్స్ చిత్రాల్లో వాట్సన్ (విటాలీ సొలోమిన్) మీద నవ్వు వేరే దారిలో వస్తుంది. కొత్తగా గదిలో చేరిన వాట్సన్, వచ్చేపోయే వింత మనుషుల్నీ హోమ్స్ వింత విద్యల్నీ గమనించి, ఈయన నేరస్థుల ముఠా మనిషై ఉంటాడని తేల్చుకుంటాడు. చూసినవన్నీ నిజాలే. కలిపిన తీరూ తర్కానికి లోటు లేనిదే. తేలింది మాత్రం తలకిందులు. అతన్ని చూసి నవ్వుతాం గానీ చులకన చేయం, ఎందుకంటే అతని స్థానంలో ఉంటే మనమూ అలాగే అనుకునేవాళ్ళం. వాట్సన్‌ని ఇలా రాయడం కష్టం. అయినా ఇలాగే రాయండి.

డిటెక్టివ్ మీద కూడా నవ్వొచ్చు, ఒక షరతు మీద. వేషం, నడక, తిండి, అహంకారం, దేని మీదైనా సరే, నేరం విషయంలో వేసిన లెక్క మీద తప్ప. రూథర్‌ఫర్డ్ మార్పుల్ పుస్తకంలోని నెమ్మదైన ముసలామెలా ఉండదు. భారీ మనిషి, హడావుడి, ఎవరి మాటా వినదు. క్రిస్టీకి ఆ సినిమాలు పెద్దగా నచ్చలేదు గానీ, 1962లో 'ది మిర్రర్ క్రాక్డ్ ఫ్రమ్ సైడ్ టు సైడ్' నవలను రూథర్‌ఫర్డ్‌కే అంకితమిచ్చారు. ఎంత గోల చేసినా ఆ మార్పుల్ హత్య విషయంలో పొరబడదు. ఈ షరతును కావాలని తిప్పి కొట్టిన సినిమా 'వితౌట్ ఎ క్లూ' (1988). అందులో హోమ్స్ తాగుబోతు నటుడు, అసలు బుర్ర వాట్సన్‌ది. తిప్పికొట్టినా బుర్రంటూ ఒకచోట ఉంచారు చూడండి. ఇద్దర్నీ వెర్రివాళ్ళని చేసుంటే నేరం విప్పేవాడే ఉండడు.

చనిపోయినవాళ్ళ మీద మాత్రం వద్దు. శవంతో కామెడీ నడిపిన సినిమాలు లేకపోలేదు, కొన్ని బాగున్నాయి కూడా. కానీ ఆ హత్య ఎవరికీ పట్టనిదైతే హంతకుడు దొరికినా ఎవరికీ పట్టదు.

ఇప్పటిదాకా చెప్పింది నవ్వు కింద ఆధారం దాచడం. దీనికి పైమెట్టు ఇంకొకటుంది, అల్లరే పరిశోధనగా మారడం. చెస్టర్టన్ 1910లో రాసిన 'ది బ్లూ క్రాస్' కథలో పోలీసు అధికారి వాలెంటిన్‌కి దారి పొడుగునా పిచ్చి పనులు ఎదురవుతాయి. హోటల్లో చక్కెర గిన్నెలో ఉప్పు, ఉప్పు బుడ్డిలో చక్కెర. గోడ మీద విసిరికొట్టిన సూప్ మరక. పళ్ళ కొట్లో ఒకదాని చీటీ ఇంకోదానికి. మరో హోటల్లో ఇద్దరు పాదిరీలు బిల్లుకి మూడు రెట్లకు పైగా డబ్బిచ్చారు. ఇదేమిటని అడిగితే పొట్టి పాదిరీ, ఇప్పుడు పగలగొట్టబోయే కిటికీకి అని చెప్పి గొడుగుతో అద్దం పగలగొట్టాడు. చదువుతుంటే మూకీ సినిమా చూస్తున్నట్టే ఉంటుంది.

చివర్లో తెలుస్తుంది. పొట్టాయన ఫాదర్ బ్రౌన్, చెస్టర్టన్ కథల్లో నేరాలు విప్పే పాదిరీ. పక్కనున్న పొడుగాయన పాదిరీ వేషంలో ఉన్న దొంగేమోనని అతని అనుమానం. కాఫీలో ఉప్పు తగిలితే ఎవరైనా గొడవ చేస్తారు, చేయలేదంటే నలుగురి కంట పడకూడదన్న భయం ఉన్నట్టే. మూడు రెట్ల బిల్లు మారుమాట్లాడకుండా కట్టినా అంతే. ఇక సూప్, పళ్ళు, కిటికీ పోలీసులు వెంట వచ్చేందుకు వదిలిన జాడలు. ఒక్క కోతిచేష్ట కూడా ఊరికే పోలేదు.

అభ్యాసం ఈ కథ మీదే. ఉప్పు కాఫీ సీన్ రాయండి. డాయిల్ మోకాళ్ళను దాచినట్టే చెస్టర్టన్ ఈ సంఘటనను మనకు నేరుగా చూపించలేదు, తర్వాత చెప్పించాడంతే. కాబట్టి మీకు అడ్డొచ్చే మూలం లేదు. ఇద్దరు పాదిరీలు, ఒక వెయిటర్, రెండు కప్పులు. రెండు పేజీలు దాటొద్దు. దొంగ కాఫీ గుటక వేసి, మింగలేక, కక్కలేక, మొహం మామూలుగా పెట్టుకోవాలి. కానీ నవ్వు అతని మీద రాకూడదు, వస్తే చూపంతా అతని మీదే నిలుస్తుంది. వెయిటర్ మీదికి మళ్ళించండి, లేదా ఉప్పు కలిపి అమాయకంగా కూర్చున్న బ్రౌన్ మీదికి. ఎలా అన్నది మీ ఇష్టం.

రాశాక ఈ కథ తెలియని ఒకరికి చదవడానికివ్వండి. ఓ గంట ఆగి, ఆ సీన్‌లో ఏం జరిగిందో చెప్పమనండి. 'ఆ పొడుగాయన ఎందుకో నోరు మెదపలేదు' అని మొదలుపెడితే మళ్ళీ రాయండి. జోకు చెప్పబోయి, చెప్పే వరసలో అతను కాఫీ మారుమాట లేకుండా తాగేసిన సంగతీ అనేస్తే సీన్ పండినట్టే. ఆ తర్వాత పోయిన పాఠంలో మీరు చేసుకున్న పట్టిక తీసి, మీ కథలో ఆధారం తగిలే ఒక్కో మనిషి పక్కన, నవ్వు మోయగల ఇంకొక మనిషి పేరు రాయండి. ఎవరి పక్కనైనా రాయడానికి పేరు దొరకకపోతే, పాత్రల్ని మరీ ఎక్కువగా కలిపేశారన్నమాట. ఒకర్ని వెనక్కి తెచ్చుకోండి.

వచ్చే పాఠం, అనుమానితులందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి డిటెక్టివ్ గుట్టు విప్పే సీన్ గురించి. దానికి ముందు 'ది థిన్ మ్యాన్' (1934)లో ఆఖరి విందు సీన్ చూసి రండి. పోలీసులు వెయిటర్ల వేషంలో వడ్డిస్తుంటారు, వాళ్ళు ప్లేట్లు ఎలా పట్టుకుంటున్నారో గమనించండి.