ధవళేశ్వరంలో ధ, వధూవరుల్లో ధ: తెలుగు రాతలో తప్పులు దిద్దుకునే విధానం

ధవళేశ్వరం పేరును దవలేశ్వరం అనో, ధవలేస్వరం అనో రాసేవారు గోదావరి జిల్లాల్లోనే ఎందరో ఉన్నారు. ద, ధల తేడాను మనం మాటల్లో పలకం కనుక, చెవిని నమ్మి రాస్తే ఈ తప్పు దొర్లక మానదు. అదే మాటను ధవళ, ఈశ్వర అని విడదీసి చూస్తే ప్రతి అక్షరమూ తన చోట కుదురుకుంటుంది. కాబట్టి అనుమానం వచ్చిన మాటను ముందు విడదీయాలి, తర్వాత దాని చుట్టాలను, అంటే అదే మూలం నుంచి వచ్చిన మాటలను వెతకాలి.

తడబాటు ఎక్కువగా ఖ, థ, ధ, భ వంటి ఒత్తి పలికే అక్షరాల దగ్గరే వస్తుంది. అచ్చతెలుగు మాటల్లో ఇవి దాదాపు కనిపించవు. కాలువ, గట్టు, దారి, కొబ్బరి, బడి అన్నీ తేలిక అక్షరాలే. అందువల్ల దాళ్వా (రెండో పంట వరి) 'బాగా' పండిందనాలే గానీ 'భాగా' అని రాయకూడదు. బాగు తెలుగు, భాగం సంస్కృతం. సంస్కృత పదాల్లో అర్థానికి విద్యార్థి, అర్థశాస్త్రం చుట్టాలైతే, సగమని చెప్పే అర్ధానికి అర్ధరాత్రి, అర్ధచంద్రుడు చుట్టాలు. బాధను 'భాద' అని, బోధనను 'భోదన' అని రాయడం నన్ను ఎక్కువగా నొప్పిస్తుంది. బాధ, బోధ, బంధువు, బుద్ధి అనే నాలుగింటిలోనూ మొదట తేలిక బ, తర్వాతే ధ వస్తాయని కలిపి గుర్తుంచుకుంటే ఈ పొరపాటు జరగదు.

ల, ళల విషయంలో ఏకవచనం చూడాలి. కాలు కాళ్లు, ఊరు ఊళ్లు, కోడి కోళ్లు, ముల్లు ముళ్లు, కన్ను కళ్లు అవుతాయి. 'లు' విడిగా చేరే తల్లులు, పల్లెలు వంటి మాటల్లో ల మారదు. మా కాలువ గట్టున కంటి వైద్య శిబిరం కోసం కట్టిన ఫ్లెక్సీ మీద ఒకసారి 'ఉచిత కల్లు పరీక్ష' అని పడింది. తాటిచెట్లు గీసి బతికే కుటుంబాలున్న ఊళ్లో కల్లుకు వేరే అర్థం ఉంది. చూపు మందగించిన పెద్దలకు చేరవలసిన కబురు అలా దారి తప్పింది.

ప్రాధాన్యత, నైపుణ్యత, వైవిధ్యత అనే రూపాల్లో చివరి 'త' అనవసరం. ప్రాధాన్యం, నైపుణ్యం, వైవిధ్యం చాలు.

ఇంగ్లీషు అక్షరాలతో టైపు చేసేవారికి మరో చిక్కు ఉంది. లత, గీత పేర్లను ఇంగ్లీషులో రాసేటప్పుడు టీ పక్కన హెచ్ చేర్చడం మనకు అలవాటు. ఇంగ్లీషు అక్షరాలను తెలుగులోకి మార్చే లేఖిని వంటి సాధనాల్లో ఆ జంటకు థ వస్తుంది. త కావాలంటే ఒక్క టీ చాలు, ళ, ణల కోసం క్యాపిటల్ ఎల్, ఎన్ కొట్టాలి.

అప్పటికీ అనుమానం తీరకపోతే నిఘంటువు తెరవాలి. 1885లో వెలువడిన శబ్దరత్నాకరాన్నీ, పిఠాపురం మహారాజు పోషణలో తయారైన సూర్యరాయాంధ్ర నిఘంటువునూ ఆంధ్రభారతి వెబ్‌సైటులో ఒకేచోట వెతకవచ్చు. అచ్చుకు ఇచ్చే ముందు ప్రూఫును కాగితం మీద తీయించి, రాసినవారు కాక మరొకరు మాట మాటా వేలు పెట్టి చూడాలి. శుభలేఖ అయితే మొదట వధూవరులు అనే మాటలో ధ పడిందో లేదో చూసుకోవాలి.