యోహాను నుండి ఇవాన్ వరకు: పేరు పుట్టుక పట్టుకొనే పద్ధతి

చెన్నైలో, పెరంబూరు వైపు ఇంటి గుమ్మాల మీది పేర్లు చదువుకుంటూ నడిస్తే, జాన్, యోహాను, అరుళప్పన్ అనే మూడు పేర్లు కొద్ది అడుగుల దూరంలోనే కనిపించవచ్చు. మూడూ ఒకే పేరు. యెహోవా కృప చూపాడు అని అర్థమిచ్చే ‘యోహానాన్’ అనే హీబ్రూ పేరే తెలుగులో యోహాను అయింది. తమిళ కథోలికులు కృప అనే అర్థమున్న ‘అరుళ్’ అనే మాటతో దాని అర్థాన్నే పేరుగా పెట్టుకున్నారు.

ఐరోపా పేరు ఎదురైనప్పుడు ముందుగా తెలుగు బైబిలులోని రూపాన్ని చూడండి. ఇంగ్లీషులో ‘జ’గా మారిన తొలి అక్షరం మన దగ్గర ‘య’గానే నిలిచింది కనుక, మూలానికి మనమే దగ్గర. ఆ తరువాత గ్రీకు మజిలీ: గ్రీకులో ‘ష’ లేదు, పురుషుల పేర్ల చివర సాధారణంగా ‘స్’ చేరేది, అందుకే యేసు హీబ్రూ పేరైన యేషూవ ‘ఈసూస్’ అయింది. లాటిన్ ‘యొహాన్నెస్’ నుండి ఇటలీలో జొవాన్ని, స్పెయిన్‌లో హువాన్, ఐర్లాండులో షాన్ వచ్చాయి. జర్మన్లు తల తీసేసి తోకతో ‘హాన్స్’ అన్నారు. రష్యాలో అదే ఇవాన్.

అసలు చిక్కు యాకోబు దగ్గర వస్తుంది. లాటిన్ ‘యాకోబుస్’ జనం నోట ‘యాకోముస్’ కావడంతో, ఇంగ్లీషువారికి ఇస్సాకు కొడుకు జేకబ్‌గా, అపొస్తలుడు జేమ్స్‌గా విడిపోయారు. స్పెయిన్‌లో ‘సాంత్ యాగో’, అంటే పరిశుద్ధ యాకోబు, అతుక్కుపోయి సాంతియాగో అయింది. మన బైబిలులో ఇద్దరూ యాకోబులే, కనుక జేమ్స్ మూలం కోసం ఎక్కడికీ పోనక్కరలేదు.

పేరు చివర ‘ఏలు’ ఉంటే అది దేవుడనే మాట కావచ్చునని గమనించండి: మిఖాయేలు అంటే ‘దేవునివంటివాడెవడు?’ అని. అహరోను భార్య ఎలీషెబ పేరులో అది ముందే వస్తుంది. ఎలిజబెత్, ఇసబెల్ రెండూ ఆ పేరు నుండి వచ్చినవే.

అయితే బైబిలులో ఉన్నంత మాత్రాన ప్రతి పేరూ హీబ్రూ కాదు. పేతురు, అంద్రెయ, ఫిలిప్పు గ్రీకు పేర్లు. పోర్చుగీసువారు చెన్నైలోని శాంథోమ్‌కు పెట్టిన పేరులోని తోమా, కవల అని అర్థమిచ్చే అరామిక్ మాట. ‘దిదుమ అనబడిన తోమా’ అని యోహాను సువార్తలో ఉన్నచోట, ఆ దిదుమ కూడా గ్రీకులో కవలే.