మోటార్‌హోమ్‌లో నీళ్లు గడ్డకడుతున్నాయా? సమస్యలు, పరిష్కారాలు

మోటార్‌హోమ్‌నే, అంటే లోపలే వండుకుని పడుకునే ఏర్పాట్లున్న బండినే, ఇల్లుగా చేసుకున్నవారు మొదటి చలికాలంలో ట్యాంకు గురించే ఎక్కువగా బెంగపడతారు. నేనూ అంతే. కానీ వంద లీటర్ల నీళ్లు గడ్డకట్టాలంటే చాలా గంటల చలి కావాలి. వేలి లావు పైపులో నిలిచిన నీళ్లకు ఒక్క రాత్రి చాలు. అందుకే ఏ సమస్య వచ్చినా ముందు పైపులు, వాల్వులు చూడండి.

పంపు మోగుతోంది, కుళాయిలో చుక్క రావడం లేదు

ట్యాంకులో నీళ్లున్నా ఇలా జరిగితే, పంపుకు ముందుండే చిన్న జల్లెడలోనో, బయటి గోడను ఆనుకుని వెళ్లే పైపులోనో మంచు అడ్డుపడి ఉండవచ్చు. వెంటనే పంపు ఆపేయండి. కుళాయి మాత్రం తెరిచే ఉంచండి, కరిగిన నీళ్లకు దారి కావాలి. సింకు కింది అలమారా తలుపులు తీసి, హెయిర్ డ్రయ్యర్‌తో కుళాయి దగ్గర మొదలుపెట్టి మెల్లగా పంపు వైపు రండి. మంట చూపించడం ఎంతమాత్రం వద్దు. ప్లాస్టిక్ పైపులు, చెక్క, గ్యాస్ అన్నీ పక్కపక్కనే ఉంటాయి.

నీళ్లు రాగానే గండం గడిచిందనుకోకండి. నీరు మంచుగా మారేటప్పుడు దాని పరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. ఆ ఒత్తిడికి పైపు పగిలినా, కరిగేదాకా ఆ పగులును మంచే మూసి ఉంచుతుంది. కుళాయిలన్నీ కట్టేసి, పంపు వేసి, చప్పుడు చేయకుండా వినండి. ఒత్తిడి నిండగానే పంపు ఆగిపోవాలి. ఎవరూ నీళ్లు వాడకపోయినా కాసేపటికోసారి ఒక్క క్షణం మోగి ఆగుతుంటే ఎక్కడో కారుతున్నట్టే. నా బండిలో అది బయటి షవర్ దగ్గర దొరికింది. వేసవి తర్వాత ఆ చిన్న తలుపు తెరిచిందే లేదు. కుళాయి మీద వెంట్రుకంత గీత, దాని పొడవునా వరుసగా నీటిబొట్లు. చలి ముదరకముందే ఆ పైపును ఖాళీ చేసి ఉంటే సరిపోయేది.

గది వెచ్చగా ఉంది, అడుగున గడ్డకట్టింది

కొత్తవారిని అన్నిటికంటే ఎక్కువగా దెబ్బతీసేది ఇదే. చాలా బండ్లలో గదిని వెచ్చబరిచే గ్యాస్ ఫర్నేస్ వేడిగాలిలో కొంత భాగం గొట్టాల ద్వారా ట్యాంకులున్న అరకు వెళ్తుంది. గ్యాస్ ఆదా చేద్దామని గదిలో కరెంటు హీటర్ పెడతాం. గది వెచ్చబడుతుంది, గది వేడిని బట్టి ఫర్నేస్‌ను నడిపే థర్మోస్టాట్ తృప్తిపడుతుంది, ఫర్నేస్ మొదలే కాదు. మనం కంబళి పక్కన పెట్టి హాయిగా నిద్రపోతుంటే కాళ్ల కింద ట్యాంకు చల్లబడిపోతుంది.

ఉష్ణోగ్రత 0 డిగ్రీల కిందికి దిగే రాత్రుల్లో కరెంటు హీటర్‌ను తగ్గించి ఫర్నేస్‌నే నడవనివ్వండి. ట్యాంకు అరలో ఒక సెన్సార్ పెట్టి, దాని అంకె లోపల కనిపించే థర్మామీటరు అమర్చుకోండి. చలికాలానికి నేను కొన్నవాటిలో అంతగా పనికొచ్చినది మరొకటి లేదు. మీ బండిలో అడుగుకు వేడిగాలి వెళ్లే ఏర్పాటు లేకపోతే ట్యాంకుకు అతికించే 12 వోల్టుల హీటింగ్ ప్యాడ్లు ఉంటాయి. ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు వాటిని వేయకూడదు. ఒకే చోట ఎక్కువ రోజులు ఉండేట్టయితే బండి చుట్టూ నేలదాకా తెర కట్టండి. గాలి అడుగునుంచి దూసుకుపోకపోతే ఎంతో తేడా ఉంటుంది.

ఫర్నేసే అర్ధరాత్రి ఆరిపోతోందా? సిలిండర్‌లో ఏ గ్యాస్ ఉందో చూడండి. బ్యూటేన్ సుమారు సున్నా దగ్గరే ఆవిరి కావడం మానేస్తుంది. ప్రొపేన్ -42 డిగ్రీల దాకా ఆవిరవుతూనే ఉంటుంది. చలికి ప్రొపేనే వాడండి.

బయటి గొట్టం కర్రలా బిగుసుకుపోయింది

బండికి నీళ్లు తెచ్చే ఈ గొట్టాన్ని రాత్రంతా బయటి కుళాయికి తగిలించి వదిలేయడమే కారణం. పగలు ట్యాంకు నింపుకుని, గొట్టం విప్పి, నీళ్లు పూర్తిగా వంచేసి లోపల పెట్టండి. రాత్రికి పంపుతో సరిపెట్టుకోండి. కుళాయిని సన్నగా కారనివ్వమని కొందరు చెబుతారు. నేను చెప్పను. తెల్లారేసరికి వాడిన నీటి ట్యాంకు నిండిపోతుంది.

వాడిన నీటి వాల్వు కదలడం లేదు

బలంగా లాగితే పిడి విరుగుతుంది. హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చచేయండి, లేదా మధ్యాహ్నం ఎండ పడేదాకా ఆగండి. ఈ వాల్వును ఎప్పుడూ మూసే ఉంచాలి. తెరిచి వదిలితే సన్నగా జారే నీళ్లు మురుగు గొట్టంలో పొరలు పొరలుగా పేరుకుని దారి మూసేస్తాయి. ట్యాంకు ఖాళీ చేసిన ప్రతిసారీ, మోటార్‌హోమ్‌ల కోసమే తయారయ్యే ప్రొపిలీన్ గ్లైకాల్ యాంటీఫ్రీజ్‌ను (నీళ్లు గడ్డకట్టకుండా ఆపే ద్రవం) ఒకటి రెండు లీటర్లు సింకులో పోయండి. కారు రేడియేటర్‌లో పోసేది సాధారణంగా ఇథిలీన్ గ్లైకాల్. అది విషం, నీటి పైపుల దరిదాపులకు రానివ్వకండి.

ఫర్నేస్ పూర్తిగా మొరాయించింది, రాత్రికి గట్టి చలి ఉంది

అప్పుడు పోరాడకండి, నీళ్లు వదిలేయండి. ముందు నీటి హీటర్ ఆపి చల్లారనివ్వండి. ఒక కుళాయి తెరిచి ఒత్తిడి పోగొట్టాక హీటర్ డ్రెయిన్ (నీళ్లు బయటికి వదిలే దారి) బిరడా తీయండి. తర్వాత ట్యాంకు డ్రెయిన్, పైపులకు అడుగున ఉండే డ్రెయిన్లు, కుళాయిలు అన్నీ తెరవండి. చివరగా పంపును అర నిమిషం నడిపి, అందులో మిగిలినది కక్కించి ఆపేయండి. తాగడానికి, కడుక్కోవడానికి రెండు డబ్బాల నీళ్లు మాత్రం ముందే పట్టుకుని మంచం పక్కన పెట్టుకోండి.