అమెరికా నగరాల్లో తండ్రి లేని ఇళ్లు: లెక్కలు ఎలా చదవాలి

అమెరికా సెన్సస్ బ్యూరో లెక్కల్లో 2020 నాటికి 18 ఏళ్లలోపు పిల్లల్లో 21 శాతం మంది తల్లి దగ్గరే ఉంటున్నారు. 1968లో 11 శాతం. ఈ అంకె చూసి "అయిదుగురిలో ఒకరికి తండ్రి లేడు" అని రాసేస్తుంటారు. సర్వే అడిగింది ఆ ఇంట్లో ఎవరెవరు ఉంటున్నారని మాత్రమే. పక్క వీధిలో ఉంటూ రోజూ బిడ్డను బడికి దింపే తండ్రి, జైల్లో ఉన్న తండ్రి, చనిపోయిన తండ్రి ముగ్గురూ ఆ గడిలో ఒకటే. మన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఈ విషయంలో కొంత నయం: తండ్రి బతికే ఉన్నాడా అని విడిగా అడుగుతుంది. జగిత్యాల నుంచి గల్ఫ్‌కు వెళ్లిన తండ్రినీ, లేని తండ్రినీ ఒకే గాటన కట్టదు.

ముందు ఆ శాతం దేనిలో శాతమో చూడండి. పిల్లల్లోనా, కుటుంబాల్లోనా, ఆ ఏడాది పుట్టినవాళ్లలోనా? అక్కడ పెళ్లి కాని తల్లులకు పుట్టే బిడ్డలు సుమారు 40 శాతం. దాన్ని తండ్రి లేని పిల్లల శాతంగా వాడడమే అన్నిటికన్నా పెద్ద తప్పు. పెద్ద నగరాల్లో 1998–2000 మధ్య పుట్టిన దాదాపు 4,900 మంది పిల్లల్ని గమనిస్తూ వచ్చిన ఫ్రాజైల్ ఫ్యామిలీస్ అధ్యయనంలో, పెళ్లి కాని తల్లిదండ్రుల్లో సగం మంది కాన్పు నాటికి ఒకే ఇంట్లో ఉన్నారు. బిడ్డకు అయిదేళ్లు వచ్చేసరికి ఆ పెళ్లి కాని జంటల్లో సగానికి పైగా విడిపోయాయి. అందుకే పిల్లల వయసు చెప్పని అంకెను నమ్మకండి.

"ఇద్దరు తల్లిదండ్రులు" అన్న గడిలో సవతి తండ్రులూ కలుస్తారు. కన్నతండ్రి గురించి రాస్తున్నట్లయితే ఆ గడి పనికిరాదు.

ఏళ్ల మధ్య పోల్చేటప్పుడు 2007 దగ్గర ఆగండి. అంతకుముందు ఈ లెక్కలకు ఆధారమైన సెన్సస్ బ్యూరో సర్వేలో (కరెంట్ పాపులేషన్ సర్వే) పెళ్లి కాకుండా కలిసి ఉండే తల్లిదండ్రుల్లో ఒకరినే బిడ్డకు జతచేసేవారు. ఆ ఏడాది నుంచి ఇద్దరినీ గుర్తిస్తున్నారు. 2006, 2007 అంకెల తేడాలో కొంత ప్రశ్న మారడం వల్ల వచ్చిందే.

"నగరం" అంటే ఏమిటో కూడా పట్టిక కింది గమనికలో చూడండి. మెట్రో ప్రాంతాన్ని కౌంటీల (మన జిల్లాల్లాంటివి) లెక్కన గీస్తారు కాబట్టి అందులో పల్లెలూ ఉంటాయి.

పేటల స్థాయికి దిగితే సెన్సస్ బ్యూరోదే అయిన అమెరికన్ కమ్యూనిటీ సర్వే ఇచ్చే మార్జిన్ ఆఫ్ ఎర్రర్ (అంకె అటూ ఇటూ ఎంత తేడా ఉండొచ్చో చెప్పేది) వదలకండి. ఒక పేటలో 30 శాతం, ప్లస్ ఆర్ మైనస్ 9. ఇంకో పేటలో 36, ప్లస్ ఆర్ మైనస్ 8 అనుకుందాం. రెండు మార్జిన్ల వర్గాలు కలిపితే 81+64=145, వర్గమూలం సుమారు 12. రెండు పేటల తేడాకు ఉండే మార్జిన్ ఇదే. తేడా చూస్తే 6 మాత్రమే, మార్జిన్ కన్నా తక్కువ. అంటే రెండో పేటలో ఎక్కువని చెప్పడానికి ఆధారం లేదు.

పెంపకంలో తండ్రి పాత్ర తెలియాలంటే వేరే సర్వే తెరవాలి. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2006–10 సర్వేలో అయిదేళ్లలోపు పిల్లలతో కలిసి ఉంటున్న నల్లజాతి తండ్రుల్లో 70 శాతం మంది రోజూ స్నానం, డైపర్, బట్టల పని చూసుకున్నారు. తెల్లజాతి తండ్రుల్లో 60 శాతం. ఎవరు ఏ ఇంట్లో ఉంటున్నారో చెప్పే పట్టికలో ఈ సంగతి ఎంత వెతికినా దొరకదు.